బదిలీకి ఆడమనిషి

మస్కట్‌లో నేను సొంతంగా చేసిన మొదటి పని ఒక వెబ్‌సైటు. 2011 నాటి సంగతి. రువీలో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో ఆరుగురం కూర్చునే సాఫ్ట్‌వేర్ దుకాణం మాది. దుకాణం అనే అంటాను, ఎందుకంటే కింద ఉన్న చీరల షాపుకీ మాకూ పెద్ద తేడా లేదు. వచ్చినవాడు ఏమడిగితే అది పరిచి చూపించేవాళ్ళం. ఒకరోజు ఒక మ్యాన్‌పవర్ ఆఫీసు వాళ్ళు వచ్చారు. ఇళ్ళల్లో పనికి ఆడవాళ్ళను తెప్పించి పెట్టే ఆఫీసు. ఫోటోల ఆల్బం చూపించే రోజులు పోయాయనీ, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కంప్యూటర్‌లో చూసి ఎంచుకునేట్టు ఉండాలనీ చెప్పారు. పది రోజుల్లో కావాలన్నారు.

పది రోజుల్లో కొత్తగా ఏం రాస్తాం? అంతకు ముందు నెలలోనే ఒక ఎలక్ట్రానిక్స్ షాపుకి చేసిన సైటు నా దగ్గర ఉంది. దాన్నే తీసుకున్నాను. రైస్ కుక్కర్లు ఉన్నచోట మనుషుల ఫోటోలు పెట్టాను. ‘బ్రాండ్’ అన్నచోట ‘దేశం’ అని మార్చాను. ‘సైజు’ అన్నచోట ఎత్తూ బరువూ. మతం, వయసు, ఎంతమంది పిల్లలు, వంట వచ్చా, అరబ్బీ వచ్చా అనే గడులు కొత్తగా చేర్చాను. ‘వారంటీ’ గడి మాత్రం మార్చే పని పడలేదు. మనిషి నచ్చకపోతే ఫలానా నెలల లోపు వాపసు తీసుకుని ఇంకొకర్ని ఇస్తామని ఆఫీసువాళ్ళే చెప్పారు. ‘కొత్తది’, ‘బదిలీకి ఉంది’ అని రెండు రకాలు పెట్టమన్నారు, పెట్టాను. డేటాబేసులో పట్టిక పేరు మాత్రం ‘ప్రోడక్ట్స్’ అనే ఉండిపోయింది. పైకి కనపడే పేరు కాదు కదా అని వదిలేశాను. ఆ నెల జీతంతో పాటు యాభై రియాళ్ళు ఎక్కువిచ్చారు. ఇంటికి పంపాను.

ఇది పశ్చాత్తాప కథగా రాయాలని కూర్చోలేదు. నా పశ్చాత్తాపంతో ఎవరికీ పనిలేదు. ఒక వాదన గురించి రాయాలని కూర్చున్నాను. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏ దేశంలో కలిసినా, పార్టీలో ప్లేట్లు పట్టుకుని నిలబడ్డప్పుడు, ఇలాంటి మాట వస్తే వెంటనే అనే వాదన: “కత్తి చేసినవాడిదా తప్పు, పొడిచినవాడిదా?” నేనూ చాలా ఏళ్ళు అదే అన్నాను. అది ఎందుకు తప్పో నాకు పుస్తకాలు చెప్పలేదు.

2013లో ఒక శుక్రవారం మధ్యాహ్నం మన ఎంబసీ ఓపెన్ హౌస్‌కి వెళ్ళాను. తెలుగు తప్ప ఇంకో భాష రానివాళ్ళు వస్తే మాట సాయం చెయ్యడానికి మాలో కొందరం వెళ్ళేవాళ్ళం. ఆ రోజు వచ్చినావిడది అప్పటి కడప జిల్లా, రాయచోటి తట్టు. ముప్పై దాటి ఉండవు. ఏజెంటు విజిట్ వీసా మీద దుబాయి పంపాడు. అక్కణ్ణించి కారులో బురైమీ మీదుగా ఒమాన్‌లోకి తెచ్చారు. ఎమిగ్రేషన్ క్లియరెన్సూ లేదు, కాంట్రాక్టు కాగితమూ లేదు. చేతిలో ఉన్నది ఒక్క ఫోనే.

“ఆఫీసులో నిలబెట్టి ఫోటో తీసినారన్నా. నవ్వమన్నారు. నవ్వకపోతే ఎవురూ తీసుకోరంట.”

“ఎన్ని ఇళ్ళల్లో చేశావమ్మా?”

“రెండు. మొదటింట్లో నడుంనొప్పి వచ్చిందని వాపసు ఇచ్చినారు. రెండో ఇంట్లో తొమ్మిది నెల్లు చేసినా, ఆర్నెల్లకే జీతమిచ్చినారు. అడిగితే మళ్ళా వాపసు ఇచ్చినారు.”

వాపసు ఇచ్చినారు. తన గురించి తను ఆ మాట ఎంత మామూలుగా అనిందో చెప్పలేను. తర్వాత ఫోను తీసి చూపించింది. ఆఫీసులో ఇంకో ఆడమనిషి పంపిన ఫోటో అది, కంప్యూటర్ తెరను ఫోనుతో తీసింది. ఆకుపచ్చ గీతల మధ్య ఆమె బొమ్మ, కింద నంబరు, ఎత్తు, బరువు, ‘బదిలీకి ఉంది’ అని ఎర్ర అక్షరాలు. ఆ ఆకుపచ్చ నేను ఎంచుకున్నదే. ఎర్ర అక్షరాలు కొంచెం పక్కకు జరిగి కనిపిస్తాయి, నేను సరిచెయ్యని తప్పు అది.

ఇంతకీ ‘బదిలీ’ అంటే ఏమిటో గల్ఫ్ సంగతి తెలియని పాఠకులకు చెప్పాలి. కఫాలా పద్ధతిలో మనిషి వీసా యజమాని పేరు మీద ఉంటుంది. ఆ యజమానే కఫీలు. అతను వదులుకుంటే తప్ప ఆమె ఇంకొకరి దగ్గర పనికి చేరలేదు. వదులుకోవడాన్ని అరబ్బీలో తనాజుల్ అంటారు. తను కట్టిన ఖర్చంతా రాబట్టుకుని గాని వదలడు. అందుచేత ‘బదిలీ’ కాగితాల మీద ఉద్యోగం మారడం, వాడుకలో మనిషిని అమ్మడం. ఒమాన్‌లో 2003 నాటి కార్మిక చట్టం ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళను తన పరిధిలోంచి తీసేసింది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో ఒమాన్ మీద వేసిన నివేదికకు ‘నన్ను అమ్మేశారు’ అనే అర్థమొచ్చే పేరు పెట్టింది. 59 మంది పని ఆడవాళ్ళతో మాట్లాడి రాసిన నివేదిక అది. పాస్‌పోర్టు లాక్కోవడం, రోజుకి ఇరవై ఒక్క గంటల దాకా పని, జీతం ఎగ్గొట్టడం, బురైమీ దారి, అన్నీ ఉన్నాయి అందులో. చదువుతుంటే రాయచోటి యాసలో వినపడింది నాకు.

మాది చిన్న దుకాణం. పెద్ద దుకాణాల సంగతి 2019 అక్టోబరు చివర్లో బీబీసీ అరబిక్ వాళ్ళు బయటపెట్టారు. కువైట్‌లో కొత్తగా కాపురం పెట్టిన దంపతుల్లా నటిస్తూ ఫోను యాప్‌లలో పనిమనిషి కోసం వెతికారు. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, గూగుల్, ఆపిల్ దుకాణాల్లో దొరికే యాప్‌లలోనూ ఆడవాళ్ళ ఫోటోలు వరసగా ఉన్నాయి. జాతిని బట్టి వడపోసుకోవచ్చు. ధరలు ఉన్నాయి. గినీ దేశం నుంచి తెచ్చిన పదహారేళ్ళ పిల్లను కూడా వాళ్ళకు చూపించారు. ‘బదిలీకి పనిమనుషులు’ అనే అర్థమొచ్చే హ్యాష్‌ట్యాగ్ నొక్కితే చాలు, ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉండేవి. నేను రైస్ కుక్కర్ల మీద కట్టిందే వాళ్ళూ కట్టారు. నాది ఒక్క ఆఫీసుకి, వాళ్ళది ప్రపంచానికంతా.

కువైట్ సంగతి కదా, మస్కట్‌కి ఏం సంబంధం అనొచ్చు ఎవరైనా. రాయచోటిలోనో రాజంపేటలోనో కోనసీమలోనో అడిగి చూడండి. ఖద్దామా వీసా మీద పోయేవాళ్ళకు కువైటూ మస్కటూ ఒకే బస్సు రూట్లో రెండు స్టాపులు. ఏ వీసా ముందొస్తే అక్కడ దిగుతారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాగా తెలుసుకోవాల్సింది. 2021లో ఫేస్‌బుక్ లోపలి కాగితాలు ఫ్రాన్సిస్ హాగెన్ అనే ఉద్యోగిని ద్వారా బయటికొచ్చాయి. వాల్ స్ట్రీట్ జర్నల్, అసోసియేటెడ్ ప్రెస్ రాశాయి. వాటిలో తేలిందేమిటంటే, బీబీసీ అడిగేసరికి ఆపిల్ కంపెనీ ఫేస్‌బుక్‌ని బెదిరించింది, ఈ బేరాలు ఆపకపోతే మీ యాప్‌లను మా దుకాణంలోంచి తీసేస్తామని. అప్పుడు కదిలింది ఫేస్‌బుక్. రోజుల్లో హ్యాష్‌ట్యాగ్ పోయింది, పోస్టులు పోయాయి, ఖాతాలు పోయాయి. మరి బీబీసీ అడగకముందు ఈ సంగతి మనకు తెలుసా అని ఆ కంపెనీ లోపలి కాగితం తనను తానే ప్రశ్నించుకుని, తెలుసు అని తానే జవాబు రాసుకుంది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. తెలుసు. పనిచెయ్యగల ఇంజనీర్లున్నారు, డబ్బుంది. చెయ్యగలరని తర్వాత చేసి చూపించారు కూడా. ఆడవాళ్ళు ఏడిస్తే కదలనిది తమ యాప్ ఆపిల్ షాపు అరలోంచి పోతుందంటే కదిలింది. దీన్ని సాంకేతిక సమస్య అని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది. అంతా అయిపోయాక కూడా, 2021 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు పనిమనిషికి అరబ్బీ మాట అయిన ‘ఖాదిమా’ అని కొట్టి చూస్తే ఆఫ్రికా, దక్షిణాసియా ఆడవాళ్ళ ఫోటోలు వయసుతో, ధరతో మళ్ళీ కనిపించాయి.

ఇప్పుడు కత్తి సంగతి. మా ఊళ్ళో కమ్మరి కొడవలి చేసి అమ్మేవాడు. ఎవడన్నా దానితో మనిషిని నరికితే కమ్మరిని ఎవరూ పట్టుకోలేదు, నిజమే. కానీ ఆ కమ్మరి సంత మధ్యలో అరుగు వేసి, నరికేవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి, ఒకడు ఒక మెడను చూస్తే “ఇలాంటివే ఇంకా ఉన్నాయి, చూస్తారా?” అని పక్క మెడలు చూపించి, వచ్చినవాళ్ళను లెక్కపెట్టి ఆ లెక్క అమ్ముకుని బతికితే? అప్పుడు ఊరు ఊరుకునేదా? ఫోను తెర మీద జరిగేది ఈ రెండోది. ఒకసారి వెతికినవాడికి ఇంకో పది చూపించమని కంపెనీ రాసిన కోడే చెబుతుంది. కత్తి అలా చెప్పదు.

ఇంకో వాదన గోడ వాదన. మేం ఖాళీ గోడ మాత్రమే, ఎవడో వచ్చి రాసిపోతే గోడకేం సంబంధం అంటారు. అమెరికాలో ఈ గోడకి 1996 నుంచీ చట్టమే కాపలా ఉంది, సెక్షన్ 230 అని. వేరేవాళ్ళు రాసినదానికి వెబ్‌సైటు మీద దావా పడదు. అది మంచి ఉద్దేశంతోనే పెట్టారు, అది లేకపోతే చాలా గొంతులు మూగబోయేవి, ఒప్పుకుంటాను. కానీ 2018లో దానికి ఒక మినహాయింపు చేశారు. సెక్స్ వ్యాపారానికి మనుషుల్ని అమ్మే సందర్భంలో ఆ రక్షణ వర్తించదని. వంటింట్లో బండచాకిరీకి అమ్మితే? ఆ మినహాయింపులో ఆ మాట లేదు. అంటే పడగ్గదికి అమ్మితే ఒక లెక్క, వంటగదికి అమ్మితే ఇంకో లెక్క. ఆ ఇళ్ళల్లో వంటగదికీ పడగ్గదికీ మధ్య తలుపు ఎంత గట్టిదో అక్కడ పనిచేసినవాళ్ళను అడిగితే చెబుతారు.

మూడోది, స్థానిక చట్టం ఒప్పుకుంది కదా అనేది. 2019 ఫిబ్రవరిలో సౌదీ ప్రభుత్వం వారి అబ్షర్ యాప్ మీద గొడవైనప్పుడు ఇదే విన్నాం. ఆడవాళ్ళు దేశం దాటడానికి మగ సంరక్షకుడు అనుమతి ఇవ్వడమో రద్దు చెయ్యడమో అప్పట్లో ఫోనులోనే చేసుకునే వీలుండేది. తీసెయ్యమని అడిగితే గూగుల్ తమ నిబంధనలకు అది విరుద్ధం కాదని చెప్పింది. చట్టం ఆ ఏడాది ఆగస్టులో కొంత మారింది, అది ఆ దేశం ఆడవాళ్ళు జైళ్ళకు వెళ్ళి సాధించుకున్నది. ఐక్యరాజ్య సమితి 2011లో వ్యాపారాలకూ మానవ హక్కులకూ సంబంధించి ఒప్పుకున్న మార్గదర్శక సూత్రాలు ఈ విషయంలో తికమకగా లేవు. ప్రభుత్వం తన పని చేసినా చెయ్యకపోయినా కంపెనీ తన వంతుగా హక్కులను గౌరవించి తీరాలి, హాని జరిగితే సరిదిద్దే దారి ఉండాలి. నేను సైటు కట్టిన సంవత్సరమే అవి వచ్చాయి. మా రువీ దుకాణం దాకా రాలేదంతే.

ఒమాన్‌లో ఇప్పుడు చట్టం లేదని కూడా అనడానికి లేదు. 2008లోనే మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా రాజాజ్ఞ వచ్చింది. 2022లో వ్యక్తిగత సమాచార రక్షణకు ఇంకోటి వచ్చింది. ఒక ఆడమనిషి మతం, బరువు, పిల్లల లెక్క, నిలువెత్తు ఫోటో ఊరందరికీ పరిచి పెట్టడం వ్యక్తిగత సమాచారం కాకపోతే ఇంకేమిటి? పని ఆడవాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని ఒమాన్ ధ్రువీకరించలేదు. తొందరపడి వేలు చూపించకండి, భారతదేశమూ ధ్రువీకరించలేదు. మన ఇళ్ళల్లో అంట్లు తోమే ఆవిడ గుర్తొస్తుందనేమో.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం చాలా పాతది. 1970లో అమెరికాలో పోలరాయిడ్ కెమెరా కంపెనీలో పనిచేసే కరోలిన్ హంటర్, కెన్ విలియమ్స్ అనే ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు భోజనానికి బయటికెళ్తూ నోటీసు బోర్డు మీద ఒక గుర్తింపు కార్డు నమూనా చూశారు. దక్షిణాఫ్రికా గనుల శాఖ పేరుంది దాని మీద. అక్కడ నల్లవాళ్ళు ఎక్కడికి కదలాలన్నా జేబులో ఉండాల్సిన పాస్ పుస్తకానికి తమ కంపెనీ ఫోటోలు వాడుతున్నారని వాళ్ళకు అర్థమైంది. ఊరుకోలేదు. కరపత్రాలు అంటించారు, కొనొద్దని ప్రచారం చేశారు. ఉద్యోగాలు పోయాయి. కంపెనీ ముందు బుకాయించింది, తర్వాత జీతాలు పెంచుతామంది, ప్రభుత్వానికి అమ్మబోమంది. చివరికి అక్కడి డీలరు దొంగచాటుగా ప్రభుత్వానికే అమ్ముతున్నాడని 1977లో బయటపడ్డాక దేశం వదిలి వచ్చేసింది. ఏడేళ్ళు పట్టింది. మొదలుపెట్టింది ఇద్దరు. ఒక ఫోటో అతికించిన కార్డు చూసి ఇది ఎవరి జేబులోకి పోతుంది అని అడిగినవాళ్ళు.

నేనూ ఒక ఫోటో చూశాను, నూర్లు చూశాను, ఒక్కొక్కటీ కత్తిరించి సైజు సరిచేశాను. అడగలేదు.

అందుకే ఈ మాటలు ఆ కంపెనీల పెద్దలకంటే మనవాళ్ళకు రాస్తున్నాను. ఫేస్‌బుక్ భారతదేశంలో మొదటి ఆఫీసు 2010లో పెట్టింది హైదరాబాదులో. గూగుల్‌కు అక్కడ పెద్ద క్యాంపస్ ఉంది, ఆపిల్ 2016లో మ్యాపుల పనికి అక్కడే ఆఫీసు తెరిచింది. ఫేస్‌బుక్ పోస్టులను జల్లెడ పట్టే పని జెన్‌పాక్ట్ అనే కంపెనీ ద్వారా హైదరాబాదులో 1,600 మంది చేస్తున్నారని 2019లో రాయిటర్స్ రాసింది, తక్కువ జీతాలు, ఊపిరాడని ఒత్తిడి అని కూడా రాసింది. సియాటిల్‌లోనూ బే ఏరియాలోనూ మనవాళ్ళు ఎంతమందో ఇలాంటి సంకలనాలు చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒకే రాష్ట్రం నుంచి ఒకరు అమ్మకానికి పెట్టిన ఫోటోగా, ఇంకొకరు ఆ ఫోటో తెర మీద త్వరగా వచ్చేట్టు చేసే ఇంజనీరుగా వెళ్తున్నారు. ఒకే విమానంలో ఎక్కుతారు కూడా, శంషాబాద్‌లో. ఒకరి ఫారం ఇంకొకరు నింపిపెడతారు. అక్కడితో సరి.

టెక్నాలజీ వల్లే కదా కొందరు బయటపడుతున్నారు అంటారు. అవును. 2024లో బీబీసీ ఆఫ్రికా వాళ్ళు చూపించారు, ఒమాన్‌లో ఇరుక్కున్న మలావీ ఆడవాళ్ళను. ఒకావిడ ఏడుస్తూ ఫేస్‌బుక్‌లో వీడియో పెడితే, అమెరికాలో ఉన్న వాళ్ళ దేశస్థురాలు చూసి వాట్సాప్ గ్రూపు పెట్టింది. అలా యాభై మందికి పైగా ఇల్లు చేరారు. మా ఓపెన్ హౌస్‌కి వచ్చిన కేసులూ అంతే, ఆ రోజుల్లో ఇక్కడ వాట్సాప్ కాల్ కలిసేది కాదు గాని వాయిస్ మెసేజ్ వెళ్ళేది. ఇంట్లోవాళ్ళు నిద్రపోయాక బాత్‌రూములో కూర్చుని గుసగుసగా రికార్డు చేసిన మెసేజ్‌లు ఎన్ని విన్నామో. కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. రక్షించే పని చేసింది కంపెనీ కాదు, ఆ గ్రూపు పెట్టిన మనిషి. అమ్మేవాడికి మాత్రం కంపెనీ తనే నడుం కట్టి సాయం చేసింది, వెతుకులాటా వడపోతా సిఫారసూ అన్నీ సమకూర్చి.

ఏం చెయ్యమంటావు మరి అని అడుగుతారు. మనదాకా వస్తే పెద్ద కష్టమేమీ కాదు. ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టున్న ఆడవాళ్ళను గల్ఫ్‌కు పంపే పని ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని, పని ఆడవాళ్ళకు ముప్పై ఏళ్ళు నిండాలని 2016 నాటికి మన ప్రభుత్వం నియమాలు పెట్టింది. ఆంధ్రాకు ఓంకాప్, తెలంగాణకు టామ్‌కామ్. అనుమతి ఉన్న ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ సైటులో అందరికీ కనపడేట్టే ఉంది. తెలుగులో ‘ఖద్దామా వీసా, అర్జెంటు’ అని పోస్టు పడినప్పుడు ఆ పేరు జాబితాలో ఉందో లేదో చూడడం ఒక కుర్ర ఇంజనీరుకు వారం రోజుల పని. చెప్పుల ప్రకటన ఎవరికి చూపించాలో లిప్తలో తేల్చేవాళ్ళకు ఇది చేతకాదంటే నేను నమ్మను. ధరతో మనిషి ఫోటో పెడితే ఆపడం అంతకంటే తేలిక. ఫిర్యాదు చేసే బటన్ తెలుగులో, గొంతుతో చెప్పినా తీసుకునేట్టు పెట్టడానికి ఎంతవుతుంది? చదువురాని మనిషిని అరబ్బీ, ఇంగ్లీషు పేజీ ముందు నిలబెట్టి మాకు ఫిర్యాదు రాలేదనడం మోసం.

ఈ పనులు జరగాలని లోపల మీటింగుల్లో ఎవరో ఒకరు అడగాలి. అడిగితే ప్రమోషన్ ఆగొచ్చు. వీసా మన మెడకూ ఒక కంపెనీ చేతిలోనే ఉంది కదా, హెచ్-వన్ అయినా ఇక్కడి బతాకా అయినా. ఆ భయం నాకు తెలుసు, తేలిక చెయ్యను. కానీ మన కఫీలు మనల్ని వాపసు ఇస్తే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాం. ఫోటో కింద ధర మారదు.

ఆ రోజు ఓపెన్ హౌస్‌లో కాగితాలన్నీ అయ్యాక, ఎంబసీ వాళ్ళు షెల్టరుకు పంపే ముందు, ఆవిడ ఒక్కటే అడిగింది.

“ఆ ఫోటో తీసెయ్యొచ్చా అన్నా? మా ఊరోళ్ళు గూడా చూస్తారంట గదా కంప్యూటర్లో.”

ఆ సైటు నేను కట్టానని చెప్పలేదు. కనుక్కుంటానన్నాను. సాయంత్రం గదికి వెళ్ళాక పాత పాస్‌వర్డ్ కొట్టి చూశాను. పనిచేసింది, ఎవరూ మార్చలేదు. ‘ప్రోడక్ట్స్’ పట్టిక తెరిచి ఆమె నంబరు వెతికి తీసేశాను. ఫోటో ఫైలు కూడా తీసేశాను. అయిదు నిమిషాలు పట్టలేదు. మర్నాడు ఆ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, సైటులో ఒకటి తగ్గింది, ఏమైనా తేడా వచ్చిందా చూడమని. చూస్తానన్నాను.

ఆ పట్టికలో ఇంకా నూట నలభై మంది దాకా ఉన్నారు. నేను తీసింది ఒక్కటే.